పొయ్యి సిద్ధం, గడ్డి ఎక్కడ?

రామగుండం ఎన్టీపీసీలో 500 మెగావాట్ల యూనిట్ ఒకటి పూర్తి స్థాయిలో నడిస్తే రోజుకు దాదాపు 8,000 టన్నుల బొగ్గు మింగుతుంది. థర్మల్ కేంద్రాలు బొగ్గులో 5 శాతం పంట వ్యర్థాల (బయోమాస్) గుళికలు కలపాలని 2021లో కేంద్ర విద్యుత్ శాఖ విధానం తెచ్చింది. 5 శాతమే కదా అనిపిస్తుంది గానీ, ఈ ఒక్క యూనిట్‌కే అది రోజుకు 400 టన్నులు. ఎకరాకు 2 టన్నుల వరిగడ్డి చేతికొస్తుందనుకున్నా, రోజూ 200 ఎకరాల గడ్డి కావాలి.

బాయిలర్లకు ఇక్కడ కొదవ లేదు. గోదావరికి ఇవతల ఎన్టీపీసీ, అవతల జైపూర్‌లో సింగరేణి సొంత 1,200 మెగావాట్ల ప్లాంటు ఉండనే ఉన్నాయి. తేలాల్సిందల్లా గడ్డిని గుళికలు చేసే మిల్లు ఎక్కడ పెట్టాలన్నదే. విడిగడ్డి ఘనమీటరుకు 100 కిలోలు కూడా తూగదు, గుళికలైతే 600 కిలోలు దాటుతాయి. విడిగడ్డిని దూరం మోస్తే వచ్చేదంతా డీజిల్‌కే పోతుంది. కాబట్టి మిల్లు పొలాల దగ్గరే ఉండాలి. ఏ పొలాల దగ్గర? ఇక్కడే జీఐఎస్ పని మొదలవుతుంది. ఒక్కో సమాచారాన్ని ఒక్కో పొరగా పటం మీద పరిచి, అన్నిటినీ కలిపి చూసే పద్ధతి ఇది.

మొదటి పొర పంట. సెంటినెల్-2 ఉపగ్రహాలు 5 రోజులకోసారి, 10 మీటర్ల చదరాలుగా నేలను చూస్తాయి. ఎకరానికి 40 చదరాలు. నాట్లప్పుడు మడిలో నీళ్లు నల్లగా, ఆ తర్వాత పైరు పచ్చగా, కోతల వేళకు పసుపుగా కనిపిస్తే అది వరి. పత్తి చేనుకు ఆ నీళ్ల దశ ఉండదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తన భువన్ వేదికపై పంట వ్యర్థాల అంచనాలను ఇలాగే పటాలుగా పెట్టింది.

తర్వాతిది తీసివేత. పశువుల మేతకు పోయే గడ్డిని మినహాయించాలి. ఊకను కూడా లెక్కలో వేసుకుంటే, సుల్తానాబాద్, పెద్దపల్లి బాయిల్డ్ రైస్ మిల్లులు తమ బాయిలర్లలో వాడుకునేదాన్ని అందులోంచి తీసేయాలి. మిగులు ఎక్కడుందో పట్టించేది మంట. కోత మిషన్ వెళ్లాక కొయ్యకాళ్లకు నిప్పు పెడితే ఉపగ్రహ పటంపై చుక్క పడుతుంది. ఏటా చుక్కలు గుంపుగా పడేచోట గడ్డిని అడిగేవాళ్లు లేరని అర్థం. చిన్న మంటలు తప్పిపోవచ్చు గనుక ఊళ్లలోనూ అడగాలి.

పొలానికీ మిల్లుకూ మధ్య దూరాన్ని పటంపై వృత్తం గీసి కొలిస్తే మోసపోతాం. నది అవతలి పొలం కంటికి దగ్గరే, లారీ మాత్రం వంతెన దాకా చుట్టు తిరగాలి. అందుకే కొలవాల్సింది రోడ్డు దూరం.

ఈ బొగ్గు బెల్టుకు మరో పొర తప్పనిసరి: భూగర్భం. గోదావరిఖని చుట్టూ ఖాళీగా కనిపించే జాగా కింద పాత గని ఉండొచ్చు. గనిలో పైకప్పును మోసే బొగ్గు స్తంభాలను తీసేసిన చోట నేల కుంగుతుంది. ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలు ఇంకా కుదురుకోని నేల. గని ప్లాన్లను పటానికి జోడించి అలాంటి చోట్లను ముందే కొట్టేసి, మిగిలినవాటికే మార్కులు వేయాలి. మార్కుల్లో ఒక్కో పొరకు ఇచ్చే ప్రాధాన్యాన్ని మార్చినా ముందు వరసలోనే నిలిచే చోటును నమ్మొచ్చు.

పటం ఇంత వరకు తేలుస్తుంది, ధరను తేల్చదు. యాసంగి గడ్డి కొద్ది వారాల్లోనే వచ్చి పడుతుంది, రైతుకేమో తర్వాతి పంట తొందర. అగ్గిపుల్లతో అయిపోయే పనికి గడ్డిని మోపులు కట్టే బేలర్ కోసం ఆగాలంటే, ఆగినందుకు చేతిలో డబ్బు పడాలి. అది లేకపోతే ఎంత మంచి చోట కట్టిన మిల్లయినా గడ్డి లేక మూతపడుతుంది.