డిస్కస్ దూరం పాదం దగ్గర మొదలవుతుంది

జొన్న, సజ్జ కంకి పట్టే రోజులలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పి పిట్టలను తోలిన తరం కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతపు నల్లరేగడి పల్లెలకు కొత్త కాదు. తమిళంలో దానిని కవణ్ అంటారు. రాయి దూరం పోవడానికి కండబలం ఒక్కటే చాలదని ఆ తరానికి ఎవరూ చెప్పవలసిన పని లేదు. తాడు పొడవు, తిప్పే వడి, విడిచే క్షణం కుదిరితే బక్కపలుచని కుర్రవాడి రాయి కూడా చేను దాటి పడేది.

ఆ ఇంటి మనుమడే పాఠశాల క్రీడల పోటీలో డిస్కస్ చేతికి రాగానే ఈ సంగతి మరచిపోతాడు. పళ్ళు బిగించి, ఊపిరి బిగబట్టి, భుజం బలమంతా పెట్టి విసురుతాడు. డిస్కస్ గాలిలో రెపరెపలాడి పదిహేను మీటర్ల దగ్గర కూలుతుంది. మరునాడు భుజం నొప్పి. "ఇది మన వల్ల అయ్యే పనా?" అని ఇంట్లో ఒక మాట. దానితో ఆట ముగుస్తుంది. నిజానికి ఆ బాలుడికి లేనిది బలం కాదు. విసిరే వరుస అతనికి ఎవరూ చూపలేదు.

కోవిల్‌పట్టి అనగానే క్రీడాభిమానులకు హాకీ గుర్తుకు వస్తుంది. హాకీకి జట్టు కావలెను, మంచి మైదానం కావలెను. డిస్కస్‌కు ఒక చక్రం, ఒక బీడు భూమి, చూపేవారు ఒకరు ఉంటే చాలు. పై స్థాయి పోటీలలో గెలిచిన పతకం క్రీడా కోటాలో కళాశాల సీటుకు దారి చూపగలదు కనుక, చిన్న ఊళ్ళ కుటుంబాలు దీనిని తేలికగా తీసుకోరాదు.

మొదట బరువు సంగతి. పురుషుల డిస్కస్ 2 కిలోలు. ఇరవై ఏళ్ళలోపు యువకులకు 1.75 కిలోలు, పద్దెనిమిదిలోపు బాలురకు 1.5 కిలోలు, స్త్రీలకు 1 కిలో. ఉన్న ఒక్క పెద్ద డిస్కస్‌నే పన్నెండేళ్ళ పిల్లల చేత కూడా విసిరించడం మంచిది కాదు. మోయలేని బరువు చేతిలో ఉంటే పిల్లవాడు మొదటి రోజే వంకర పద్ధతి నేర్చుకుంటాడు. ఆ వంకర తీయడానికి తరువాత సంవత్సరాలు పడుతుంది. చిన్నపిల్లలకు 1 కిలో, ఇంకా తేలికైన రబ్బరు చక్రం దొరికితే మరీ మేలు.

దూరాన్ని ప్రధానంగా నిర్ణయించేది చేయి విడిచిన క్షణంలో చక్రానికి ఉన్న వేగం. గాలి ప్రభావాన్ని పక్కన పెట్టి లెక్క వేస్తే దూరం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అనగా వేగం పదో వంతు పెరిగితే దూరం అయిదో వంతుకు పైగా పెరుగుతుంది. 25 మీటర్లు విసిరే బాలుడు సుమారు 30 మీటర్లకు చేరుతాడు. ఆ పదో వంతు వేగం భుజంలో దొరకదు, నేల నుండి రావలెను.

చెర్నకోలను తలచుకుంటే ఇది సులభంగా బోధపడుతుంది. పిడి కదిలేది కొంచెమే, అదీ నెమ్మదిగా. ఆ కదలిక తాడు వెంట ప్రాకి కొసకు చేరేసరికి ఫెళ్ళున మోగుతుంది. డిస్కస్ విసిరేవాని శరీరంలో పాదం పిడి వంటిది, చేయి కొస వంటిది. పాదం తరువాత మోకాలు, దాని తరువాత తుంటి, ఆపైన ఛాతీ, భుజం, అందరికంటే చివర చేయి కదలవలెను. కొస ముందు పరుగెత్తితే చెర్నకోల మోగదు.

ఇక్కడ రెండు భాషల ఇళ్ళ పిల్లలకు ఒక చిక్కు ఉన్నది. తమిళంలో "ఇడుప్పు" అన్న మాటను నడుముకూ తుంటికీ కూడా వాడుతారు. "ఇడుప్పును తిప్పు" అని వ్యాయామోపాధ్యాయుడు అంటే, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు దానిని నడుముగా గ్రహించి, పాదాలు కదపకుండా నడుమును మెలిపెడతాడు. దూరం రాదు సరికదా, వెన్ను పట్టుకుంటుంది. ఉపాధ్యాయుడు కోరినది తుంటి. కుడిచేతివాటం వాడైతే కుడి మడమ పైకి లేచి, ఆ పాదపు మునివేళ్ళ మీద కాలు లోపలికి తిరగవలెను; కాలుతో పాటు తుంటి దానంతట అదే తిరుగుతుంది. తెలుగులో రెండింటికీ వేరువేరు మాటలున్నాయి కదా, ఇంటి పెద్దలు ఆ ఒక్క మాట విడమరచి చెప్పినా చాలా మేలు జరుగుతుంది.

తుంటి తిరుగుతున్నప్పుడు ముందున్న ఎడమ కాలు గుంజలా నిలవవలెను. బస్సు డ్రైవరు హఠాత్తుగా బ్రేకు వేస్తే నిలుచున్న ప్రయాణికులు ముందుకు తూలుతారు. పాదాలు ఆగిపోయినా పై శరీరం ఆగదు. ఎడమ కాలు చేసే పని ఆ బ్రేకు పనియే. అది మోకాలి దగ్గర మెత్తబడి వంగితే అంతవరకు కూడిన వేగమంతా నేలపాలవుతుంది. పల్లె పిల్లలలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే.

ఇక పట్టు. చక్రాన్ని గుప్పిట బిగించరాదు. నాలుగు వేళ్ళ మొదటి కణుపులు అంచుకు తగిలి ఉంటే చాలు, బొటనవేలు పైన ఊరక ఆనుతుంది. ఊపులో ఉన్న చక్రం జారిపోదు, తిరిగే వేగమే దానిని వేళ్ళకు అదిమి ఉంచుతుంది. విడిచేటప్పుడు చివర తగిలేది చూపుడువేలు. ఆ తాకిడితోనే చక్రం తన చుట్టూ తాను తిరుగుతుంది. బొంగరం తిరిగినంతసేపు నిలబడినట్లే, తిరిగే చక్రం గాలిలో ఒరిగిపోదు. మరవ దొరలు వాడిన వళరి అనే వంకర కర్ర కూడా తిరుగుతూ పోయేదే. చిన్న మరుదు తనకు ఆ విద్య నేర్పాడనీ, నేర్పరి చేతిలో అది నూరు గజాల లోపు ఎంత దూరానికైనా గురి తప్పకుండా పోతుందనీ జేమ్స్ వెల్ష్ అనే ఆంగ్ల సైనికాధికారి 1830లో వెలువడిన తన జ్ఞాపకాలలో రాశాడు.

ప్లాస్టిక్ చక్రాలతో ఆడే డిస్క్ గోల్ఫ్ అనే ఆట అమెరికాలో 1970ల నుండి వ్యాపించింది. గొలుసులు వేలాడే బుట్టలోకి వీలైనన్ని తక్కువ విసురులలో చక్రాన్ని చేర్చడం ఆ ఆట. 2016లో నెవాడా ఎడారిలో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ గాలివాలుకు విసిరిన చక్రం 338 మీటర్లు పోయింది. రెండు కిలోల డిస్కస్‌లో పురుషుల ప్రపంచ రికార్డు 75.56 మీటర్లు మాత్రమే. లిథువేనియాకు చెందిన మికోలాస్ అలెక్నా 2025 ఏప్రిల్‌లో అమెరికాలోని రమోనాలో దానిని నెలకొల్పాడు. బరువులో అంత తేడా ఉన్నా శరీరం చేసే పని ఒక్కటే: నేల నుండి వేగం, ముందు కాలి ఆపు, చివర చేయి. ఉభయుల శత్రువు కూడా ఒక్కటే. చక్రం ముందు అంచు అతిగా పైకి లేస్తే అది గాలికి ఎదురు పట్టిన చేట అవుతుంది. లేచినట్టే లేచి, నిలిచి, కూలుతుంది.

గాలి విషయంలో మాత్రం రెండు ఆటల దారి వేరు. డిస్కస్‌కు మితమైన ఎదురు గాలి మేలు చేస్తుంది. అది చక్రం కిందికి చేరి పైకి మోస్తుంది. రమోనా మైదానానికి పేరు వచ్చినది కూడా అక్కడి గాలి వల్లనే. ఆడి మాసపు గాలికి అమ్మి రాయి కూడా ఎగురుతుందని తమిళ సామెత. ఆ నెలలలో గాలికి ఎదురుగా నిలిచి, ముందు అంచును కొంచెం దించి విసరడం అలవాటు చేసుకోవచ్చును.

సాధన మెల్లగా సాగవలెను. మొదటి వారం విసరడమే వద్దు. చక్రాన్ని చూపుడువేలి మీదుగా నేలపై దొర్లించి అది తిన్నగా పోయేవరకు చేయవలెను. తరువాత నిలుచున్న చోటి నుండి విసరడం, ఆ తరువాతనే వలయంలో తిరగడం. వలయం వ్యాసం 2.5 మీటర్లు, మేకు, తాడు, సున్నం ఉంటే పెరట్లోనే గీయవచ్చును. వెనుక అంచున వీపు తిప్పి నిలిచి ఒకటిన్నర చుట్టు తిరగవలెను. ఆరంభంలో తొందరపడేవాడు చివర నెమ్మదిస్తాడు, అందుచేత మొదటి అడుగు నిదానంగానే పడవలెను.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక సంగతి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో స్త్రీల డిస్కస్ పతకాలు మూడూ భారతీయులవే. 61.51 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచిన కృష్ణా పూనియా అప్పటికి ఒక బిడ్డ తల్లి.

బీడులో విసిరేటప్పుడు ఎదురుగా మనుషులు గాని పశువులు గాని ఉండరాదు. పక్కన కూడా ఉండరాదు, పట్టు తప్పిన చక్రం ఎటైనా పోగలదు. వరుసలో చివరివాడు విసిరిన తరువాతనే అందరూ కలిసి వెళ్ళి తెచ్చుకోవలెను. తెచ్చేటప్పుడు చేత పట్టుకొని రావలెనే గాని, తిరిగి ఇటువైపు విసరరాదు.