వాల్వు లేని ఐడిల్

న్యూట్రల్‌లో నిలబడ్డ కారు ఇంజిన్ పుట్టించే బలం ఒక్క రవ్వ కూడా చక్రాలకు చేరదు. లోపలి రాపిడికి, గాలిని పీల్చుకునే శ్రమకు, ఆల్టర్నేటర్‌కు, నీళ్ల పంపుకు అంతా ఖర్చయిపోతుంది. ఆ రాబడీ ఖర్చూ సరిపోయిన చోట వేగం ఆగుతుంది. మామూలు పెట్రోలు కారులో నిమిషానికి 700 నుంచి 900 చుట్ల దగ్గర. దీన్నే ఐడిల్ అంటారు. ఈ నిలకడంతా పక్క దారిన ఇంజిన్‌కు గాలి పంపే ఐడిల్ కంట్రోల్ వాల్వు పుణ్యమేనని, వాల్వు పాడైతే ఇంజిన్ ఆగిపోవడమే అందుకు రుజువని చాలామంది నమ్మకం. రుజువు గట్టిది కాదు. ఐడిల్‌కు కావలసిన గాలిలో పెద్ద వాటాను వాల్వు దారినే పంపేలా కట్టిన ఇంజిన్‌లో ఆ దారి మూసుకుపోతే ఆగక ఏం చేస్తుంది? నిలబడే గుణం వాల్వు పుట్టకముందే ఇంజిన్‌లో ఉంది. మీద పడే భారం మారినప్పుడు సర్దుబాటు చేయడానికే వాల్వు వచ్చింది. ఈ రెండు పనులనూ విడదీసి చూస్తే వాల్వు లేకుండా ఐడిల్ ఎంతవరకు కుదురుతుందో, ఎక్కడ కుదరదో రెండూ తెలుస్తాయి.

కార్బొరేటర్ల కాలంలో ఐడిల్ నిలపడానికి రెండు స్క్రూలు ఉండేవి. ఒకటి ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ పలక పూర్తిగా మూసుకోకుండా ఆపేది, రెండోది ఐడిల్‌లో పెట్రోలు పాళ్లు సర్దేది. చలికి చోక్ లాగితే థ్రాటిల్‌ను కాస్త తెరిచి పట్టే ఏర్పాటు కూడా ఉండేది. 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600 కారులో బాష్ కంపెనీ డీ-జెట్రానిక్ ఇంజెక్షన్ వచ్చినప్పుడు చోక్ పోయి, చల్లటి ఇంజిన్‌కు అదనపు గాలినిచ్చే చిన్న వాల్వు వచ్చింది. ఆ తరం వాల్వులు ఇంజిన్ వేడెక్కే కొద్దీ వాటంతట అవే మూసుకునేవి. ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోందో వాటికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. వేగం చూసి తెరుచుకుని మూసుకునే, కంప్యూటర్ నడిపే వాల్వు 1980లలో విరివిగా వ్యాపించింది. ఏసీ, పవర్ స్టీరింగ్, ఆటోమేటిక్ గేర్లు ఐడిల్ మీద భారం పెంచుతుంటే, పొగ నిబంధనలు బిగుసుకుంటున్న కాలమది. స్క్రూకు అన్ని భారాలను ఊహించే శక్తి ఎక్కడిది?

మరి వాల్వు లేని స్క్రూ ఇంజిన్ ఎందుకు పడిపోకుండా తిరిగింది? జవాబు థ్రాటిల్ అంచున ఉన్న సన్నటి సందులో ఉంది. ఐడిల్‌లో, థ్రాటిల్ నుంచి సిలిండర్లకు గాలి పంచే ఇంటేక్ మానిఫోల్డ్ లోపలి పీడనం సుమారు 30 నుంచి 45 కిలోపాస్కల్స్ దాకా ఉంటుంది. బయట సముద్రమట్టంలో 101. లోపలి పీడనం బయటిదానిలో దాదాపు 53 శాతం కంటే తగ్గితే సందులో గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. ఆ పైన లోపల ఎంత లాగినా సెకనుకు వెళ్లే గాలి పెరగదు. అంటే కదలని కారులో, పలక అంచున, గాలి ధ్వని వేగంతో దూసుకుపోతోందన్నమాట. ఇప్పుడు ఏదో భారం పడి ఇంజిన్ వేగం తగ్గిందనుకోండి. సెకనుకు వచ్చే గాలి అంతే, దాన్ని పంచుకునే సిలిండర్ పీల్పులు మాత్రం తగ్గాయి. ఒక్కో పీల్పుకు గాలి ఎక్కువ దక్కుతుంది, ఒక్కో పేలుడులో బలం పెరుగుతుంది, వేగం తిరిగి లేస్తుంది. వేగం పెరిగితే ఇదంతా తలకిందులు. ఏ సెన్సారూ కంప్యూటరూ లేకుండా సాగే దిద్దుబాటు ఇది.

ఇంత చక్కని దిద్దుబాటు ఉన్నా కొన్ని ఇంజిన్లు ఐడిల్‌లో పైకీ కిందికీ ఊగుతుంటాయి, మెకానిక్‌లు హంటింగ్ అనేది దీన్నే. మానిఫోల్డ్‌కు ఘనపరిమాణం ఉంది కాబట్టి అందులో పీడనం మారడానికి సమయం పడుతుంది. వేగం పడిపోయాక కాసేపటికి గాని బలం పెరగదు; పెరిగేసరికి వేగం కోలుకుని ఉంటుంది, ఆ అదనపు బలం దాన్ని హద్దు దాటిస్తుంది. ఆవిరి యంత్రాల వేగాన్ని నిలిపే గవర్నర్లు ఇలాగే ఊగినప్పుడు, దిద్దుబాటు ఎప్పుడు శాంతిస్తుందో, ఎప్పుడు ముదురుతుందో 1868లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ లెక్కకట్టి చూపాడు. ఐడిల్ వాల్వు కూడా గాలిని ఇదే మానిఫోల్డ్ గుండా పంపాలి, కాబట్టి ఆలస్యం దానికీ తప్పదు. స్పార్క్‌కు ఆ బాధ లేదు. 900 చుట్ల వద్ద నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో సెకనుకు 30 పేలుళ్లు. స్పార్క్ పడే సమయం (టైమింగ్) మార్చితే దాని ఫలితం ఆ వెంటనే వచ్చే పేలుడులో కనిపిస్తుంది.

కాబట్టి వాల్వు లేని ట్యూనింగ్‌లో గాలిని స్క్రూకు వదిలి, దిద్దుబాటు స్పార్క్‌కు అప్పగిస్తారు. ఇంజిన్ బాగా వేడెక్కాక టైమింగ్‌ను కదలకుండా కట్టేసి, పిస్టన్ పైకొసకు చేరడానికి 12 డిగ్రీల ముందు అనుకుందాం, థ్రాటిల్ స్టాప్ స్క్రూతో కోరిన వేగం తెచ్చుకోవాలి. ఎక్కువ బలమిచ్చే టైమింగ్ అంతకు చాలా ముందుంటుంది. కావాలనే వెనక ఉంచి, ఆ తేడాను నిల్వగా దాచుకుంటున్నాం. ఆ తర్వాత ఏ వేగానికి ఎంత టైమింగో కంప్యూటర్‌కు చెప్పే టేబుల్‌లో వేగం పడిపోయే గడుల్లో 18, 20 డిగ్రీలు, పెరిగే గడుల్లో 8 డిగ్రీలు పెడితే, ఇంజిన్ ఎటు జారినా స్పార్క్ దాన్ని వెనక్కి లాగుతుంది. వాలు మరీ నిటారుగా పెడితే ఊగులాట మళ్లీ మొదలవుతుంది. ఇంధనం టేబుల్‌ను ఐడిల్ చుట్టుపక్కల నునుపుగా ఉంచడం అంతకంటే ముఖ్యం. గడి మారినప్పుడల్లా మిశ్రమం పలచబడి చిక్కబడుతుంటే ఏ టైమింగూ కాపాడలేదు. చాలామంది ఆ గడులను వదిలేసి స్పార్క్‌తో కుస్తీ పడతారు, వృథా శ్రమ.

టైమింగ్ వెనక ఉంచితే పెట్రోలు వృథా కదా అనవచ్చు. నిజమే, అదే బలానికి కాస్త ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు కావాలి, ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది. అయితే వాల్వు ఉన్న కార్లలోనూ తయారీదారులు స్పార్క్‌లో ఇలాంటి నిల్వ ఉంచుతారు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ వచ్చాక విడి వాల్వు పోయి పలకే ఆ పని చేస్తున్నా, చకచకా దిద్దే బాధ్యత స్పార్క్‌దే. పొగ సంగతి ఇంకాస్త గట్టి అభ్యంతరం. మన పీయూసీ పొగ పరీక్ష ఐడిల్‌లో జరుగుతుంది. బీఎస్-2, బీఎస్-3 ప్రమాణాల పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం మించకూడదు. ఐడిల్ నిలబెట్టడానికి మిశ్రమాన్ని చిక్కగా చేయడం ట్యూనర్లకు అలవాటైన అడ్డదారి, ఈ పరీక్ష ఆ దారి మూసేస్తుంది. స్పార్క్‌తో నిలబెట్టిన ఇంజిన్‌కు ఆ చిక్కదనం అవసరం తక్కువ.

చలి విషయంలో మాత్రం స్పార్క్ ఓడిపోతుంది. చిక్కబడ్డ ఆయిల్ రాపిడిని ఎంతో పెంచుతుంది, దాన్ని అధిగమించే గాలి వేడి ఇంజిన్‌కు అమర్చిన సందులోంచి రాదు. మొదటి నిమిషాలు యాక్సిలరేటర్ మీద కాలుంచాలి, లేదా వేడికి దానంతట అదే మూసుకునే పాతకాలపు వాల్వు బిగించుకోవాలి. ఏసీది ఇంకా పెద్ద భారం. మే నెలలో విజయవాడ ట్రాఫిక్‌లో కంప్రెసర్ ఆన్ అయిన ప్రతిసారీ పడే బరువును టైమింగ్ నిల్వ ఒక్కటే మోయలేదు. కార్బొరేటర్ కార్లకు ఏసీ పెట్టినప్పుడు, కంప్రెసర్ ఆన్ కాగానే థ్రాటిల్‌ను ఒకింత నెట్టే వ్యాక్యూమ్ డయాఫ్రమ్ బిగించేవారు. ఈ ఏర్పాటుకు కంప్యూటర్ అవసరం లేదు. ఏసీ స్విచ్ నుంచి ఒక వైరు, గాలి గొట్టం మీద ఒక సోలినాయిడ్ ఉంటే చాలు.