ఫుర్కా కనుమ ఎక్కిన పళ్ళచక్రాల ఇంజను

స్విట్జర్లాండులో ఫుర్కా కనుమ మీదుగా నడిచే ఆవిరి రైలును లాగేవాటిలో ముఖ్యమైనవి ఎచ్.జి. 3/4 తరగతి ఇంజన్లు. వింటర్‌తూర్ పట్టణంలోని ఎస్.ఎల్.ఎం. కర్మాగారం 1913, 1914 సంవత్సరాల్లో ఇలాంటివి పది తయారుచేసింది. మీటర్ గేజి పట్టాల మీద నడిచే ఈ ఇంజను బరువు సుమారు 42 టన్నులు. దాని నాలుగు ఇరుసుల్లో మూడింటికి ఆవిరి బలం అందుతుంది.

ఫుర్కా దారిలో 1000 మీటర్లు సాగితే 110 మీటర్ల ఎత్తు ఎక్కవలసిన చోట్లున్నాయి. అంత వాలులో మామూలు ఇంజను బరువైన రైలును లాగలేదు. నున్నటి పట్టా మీద చక్రాలు జారి ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. అందుకే పట్టాల మధ్య పళ్ళపట్టా పరిచి, ఇంజను కింద అమర్చిన పళ్ళచక్రాలు దాన్ని పట్టుకుని ఎక్కే ఏర్పాటు చేశారు. ఐరోపాలో కొండ రైళ్ళకు ఈ పద్ధతితో దారి వేసినవాడు నిక్లాస్ రిగెన్‌బాక్. ఆయన నిర్మించిన రీగీ కొండ రైలు 1871లో మొదలైంది. ఆయన దగ్గర పనిచేసిన కార్ల్ రోమన్ ఆబ్ట్ 1882లో ఇంకా మెరుగైన పళ్ళపట్టాకు పేటెంటు పొందాడు. ఒకే వరుస పళ్ళకు బదులు పళ్ళున్న రెండు పట్టీలను పక్కపక్కన బిగించి, ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదాని సందు వచ్చేలా అమర్చాడు. దాంతో ఎప్పుడు చూసినా ఏదో ఒక పన్ను చక్రానికి పూర్తిగా పట్టి ఉంటుంది. కుదుపు తగ్గింది, పట్టు పెరిగింది.

ఇంజను లోపలి ఏర్పాటు అంతకంటే ముచ్చటైనది. సాధారణ పట్టాల మీద బాయిలర్ ఆవిరి రెండు సిలిండర్లలో పనిచేసి, పొగగొట్టం గుండా బయటికి పోతుంది. పళ్ళపట్టా రాగానే డ్రైవరు ఆవిరి దారి మారుస్తాడు. చక్రాలను తిప్పిన ఆవిరి వృథాగా పోకుండా మరో రెండు సిలిండర్లలోకి వెళ్ళి, మిగిలిన బలంతో పళ్ళచక్రాలను తిప్పుతుంది. చక్రాలు జారాయంటే రెండో జత సిలిండర్లకు ఆవిరి ఎక్కువగా చేరుతుంది. అక్కడ పెరిగిన పీడనం పళ్ళచక్రాలకు బలమిస్తూనే, జారే చక్రాలను వెనక్కి నొక్కి పట్టుకుంటుంది. మనిషి చెయ్యి పడకుండానే లోపం సర్దుకుంటుంది! దిగేటప్పుడు సిలిండర్లే గాలిని అణిచే పంపులుగా మారి బ్రేకుల పని చేస్తాయి.

ఫుర్కా మార్గంలో బ్రిగ్ నుంచి గ్లెచ్ దాకా రైలు 1914లో నడిచింది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, మార్గం కడుతున్న కంపెనీ దివాలా తీసింది. కొత్త కంపెనీ చేతిలో డిసెంటిస్ దాకా మార్గం పూర్తయ్యేసరికి 1926 వచ్చింది. శిఖరం దగ్గర, సముద్రమట్టానికి సుమారు 2,160 మీటర్ల ఎత్తులో, 1,874 మీటర్ల సొరంగం ఉంది. గ్లెచ్ వైపు దిగుతుంటే ఒకప్పుడు రోన్ హిమానీనదం కనిపించేది. ఈ దారిలోని ష్టెఫెన్‌బాక్ వాగు మీద మొదట కట్టిన వంతెనను మంచుచరియలు కొట్టుకుపోయాయి. ఇంజనీర్లు కొండతో పోట్లాటకు దిగలేదు. 1925లో మడిచే ఉక్కు వంతెన కట్టి, ప్రతి చలికాలానికీ ముందు దాన్ని మడిచి ఒడ్డుకు చేర్చే పద్ధతి పెట్టారు. ఈ మార్గం మొత్తంలో ఇంతకు మించిన తెలివైన పని మరొకటి లేదు.

1942 నాటికి మార్గమంతా విద్యుదీకరణ అయింది. ఆవిరి ఇంజన్లు పనిలేక మిగిలిపోయాయి. 1947లో నాలుగింటిని అప్పటి ఫ్రెంచి ఇండోచైనాకు అమ్మారు. అక్కడ, నేటి వియత్నాంలో, థాప్‌చామ్ నుంచి సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉన్న దాలాత్‌కు వెళ్ళే 84 కిలోమీటర్ల రైలుమార్గంలోనూ ఆబ్ట్ పళ్ళపట్టాయే ఉండేది. ఆ దేశంలో యుద్ధం ఆ మార్గాన్నీ మూయించింది. ఇంజన్లు మూలపడి తుప్పుపట్టాయి.

ఇటు ఫుర్కా కనుమ కింద 15.4 కిలోమీటర్ల పొడవైన కొత్త సొరంగం 1982లో తెరుచుకుంది. ఏడాది పొడవునా రైళ్ళు నడిచే వీలు కలిగింది, పైదారి మూతపడింది. దాన్ని పీకేయనివ్వకూడదని రైలు ప్రేమికులు 1983లో సంఘం కట్టారు. 1990లో వాళ్ళు వియత్నాం వెళ్ళి, పాత ఇంజన్లను కొండ దించి, ఓడలో స్వదేశానికి తెచ్చారు. వాటిలో 1, 9 నంబర్ల ఇంజన్లను జర్మనీలోని మైనింగెన్ కర్మాగారంలో బాగుచేయించారు. స్వచ్ఛందంగా పనిచేసే వాళ్ళ చేతుల మీదుగా 1992లో రేఆల్ప్ వైపు నుంచి రైలు మళ్ళీ కదిలింది. 2000లో గ్లెచ్, 2010లో ఓబర్‌వాల్డ్ చేరింది. సుమారు 18 కిలోమీటర్ల ఈ దారిలో రైలు వేసవి నెలల్లోనే నడుస్తుంది.

ఈ పళ్ళచక్రాల పనితనం చూడటానికి తెలుగువారు ఆల్ప్స్ దాకా పోనక్కరలేదు. తమిళనాడులో మెట్టుపాళయం నుంచి కూనూరు వెళ్ళే నీలగిరి రైలుది ఇదే ఆబ్ట్ పళ్ళపట్టా, ఇదే నాలుగు సిలిండర్ల పద్ధతి. దాని పాత ఎక్స్ తరగతి ఇంజన్లు వింటర్‌తూర్‌లోని ఎస్.ఎల్.ఎం. కర్మాగారంలోనే తయారయ్యాయి. భారతదేశంలో పళ్ళపట్టా ఉన్న రైలుమార్గం ఇదొక్కటే. అక్కడికి వెళ్ళినవారు కల్లార్ స్టేషన్ దాటాక పట్టాల మధ్యకు చూస్తే, పక్కపక్కన బిగించిన ఆ రెండు పట్టీలు స్పష్టంగా కనిపిస్తాయి.