మూలకణాల సూది కంటే ముందు చుట్ట మానాలి

అపోహ: మూలకణాల సూది వేయిస్తే కాలికి కొత్త రక్తనాళాలు పుట్టి, నల్లబడిన వేలు మళ్ళీ మామూలవుతుంది.

వాస్తవం: చచ్చిపోయిన కండను ఏ సూదీ బతికించలేదు. ఈ చికిత్సలో ఎముక మజ్జ నుంచి తీసి పెంచిన కణాలను పిక్కలో చాలా చోట్ల ఎక్కిస్తారు. వాటి ప్రభావంతో సన్నని నాళాలు పెరిగి, నొప్పి తగ్గి, పుండు మానుతుందని వైద్యుల ఆశ. పూడుకుపోయిన పెద్ద ధమని మాత్రం దీంతో తెరుచుకోదు. ప్రభుత్వమే అనుమతించింది కదా అని అడగవచ్చు. నిజమే, బెంగళూరులో తయారైన స్టెంప్యూసెల్ అనే మూలకణాల మందుకు, పొగాకు వల్ల చేతుల, కాళ్ళ నాళాలు మూసుకుపోయే బర్జర్ వ్యాధి విషయంలో 2016లో పరిమిత అనుమతి వచ్చింది. 2020లో కొవ్వు పేరుకుని ధమనులు పూడినవారికీ దాన్ని విస్తరించారు. కానీ అది ఆ ఒక్క మందుకు, అదీ కాలే పోయే స్థితికి చేరినవారి కోసం ఇచ్చిన అనుమతి. కాళ్ళ తిమ్మిర్లకూ, అరికాళ్ళ మంటలకూ మూలకణాలు ఎక్కిస్తామనేవారికి అది వర్తించదు. పైగా ఈ కణాలన్నీ ఒకే ఫలితం ఇవ్వవు. నెదర్లాండ్స్‌లో 160 మందిపై జరిగి 2015లో వెలువడిన పరీక్షలో, సొంత మజ్జ కణాలను తొడ ధమనిలోకి ఎక్కించినా కాళ్ళు తీసేయాల్సిన అవసరం తగ్గలేదు.

అపోహ: చుట్ట ఊపిరితిత్తులకే చేటు, కాళ్ళతో దానికి సంబంధం లేదు.

వాస్తవం: బర్జర్ వ్యాధికి మూలం పొగాకే. ఎక్కువగా 45 ఏళ్ళలోపు వారికే వచ్చి, చేతుల, కాళ్ళ చిన్న నాళాలను వాపుతో, గడ్డకట్టిన రక్తంతో మూసేస్తుంది. 1990 నాటి క్లీవ్‌లాండ్ క్లినిక్ అధ్యయనంలో పొగ మానినవారిలో సుమారు 20 మందికి ఒకరికి, మాననివారిలో పదిమందికి నలుగురికి ఏదో ఒక అవయవం తీసేయాల్సి వచ్చింది. ఇంత తేడాను ఏ సూదీ చూపించలేదు. ‘మా తాత ఎనభై ఏళ్ళదాకా కాల్చాడు, ఏమైంది?’ అని అరకు వైపు కొండ ఊళ్ళలో అడిగేవారుంటారు. కాలు తీసేసినవాళ్ళు అరకు సంతకు నడిచి రారు కాబట్టి వాళ్ళు మన లెక్కలో పడరు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే ఉత్తరాంధ్ర పల్లెల అడ్డపొగ అయినా, బీడీ అయినా రక్తంలో చేరేది అదే నికోటిన్. తగ్గించడం చాలదు, పూర్తిగా మానాలి.

అపోహ: కొండ మీద పెద్దాసుపత్రి లేదు, కాబట్టి ముందుగా కనిపెట్టే దారి లేదు.

వాస్తవం: విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) అరకుకు వంద కిలోమీటర్లకు పైనే, కొన్ని మారుమూల గూడేల నుంచి రోడ్డు దాకా డోలీ మోయాల్సిందే. ఆ కష్టాన్ని కాదనలేం. అయితే కాలి ధమనులు పూడే జబ్బు ముందే సంకేతాలిస్తుంది. కాస్త దూరం నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుంది. రాత్రి మంచం మీద పడుకుంటే పాదం మండి, కిందికి వేలాడదీస్తే హాయిగా ఉంటుంది. పాదం పైభాగాన వేళ్ళుంచితే తగలాల్సిన నాడి తగలదు. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కంటే తక్కువ వస్తుంది. ఈ దశలోనే ఆరోగ్య కార్యకర్త పేషెంటును పంపితే యాంజియోప్లాస్టీకో బైపాస్‌కో అవకాశం ఉంటుంది. మూలకణాల మాట ఆ దారులన్నీ మూసుకుపోయాకే. గూడెంలో నాడి పట్టి చూసే చేయీ, చుట్టను పక్కన పెట్టే మనసూ ఆ సూది కంటే ముందు కాలిని కాపాడతాయి.