తీపినీటి నుండి విద్యుత్తు

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో వేసవి వచ్చినదనగా బాటల ప్రక్కన కొబ్బరి బోండాములు గుట్టలుగా కనిపించును. లేత బోండాము నీటికి తీపినిచ్చునవి ముఖ్యముగా గ్లూకోసు, ఫ్రక్టోసు అను చక్కెరలు. ఆ నీటిని త్రాగిన మనిషి శరీరములో గ్లూకోసు క్రమముగా ఆక్సీకరణము చెంది శక్తినిచ్చును. ఆ పనిని నడిపించునవి ఎంజైములు. ఈ మార్పులలో ఎలక్ట్రానులు ఒక అణువునుండి మరియొక అణువునకు చేతులు మారుచుండును. వాటిని దారి మళ్ళించి తీగ గుండా పంపినచో విద్యుత్ప్రవాహము లభింపవలెను గదా! 1964లో యాహిరో, లీ, కింబుల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఎంజైములతో ఇట్టి ఘటమును చేసి చూపిరి.

ఈ ఘటములో ఋణధ్రువము వద్ద గ్లూకోసు ఆక్సిడేసు అను ఎంజైము ఉండును. ఇది గ్లూకోసునే పట్టును. ప్రక్కనున్న ఫ్రక్టోసును ముట్టదు. ఒక్కొక్క అణువునుండి 2 ఎలక్ట్రానులను, 2 ప్రోటానులను తీయును. అణువు పూర్తిగా దహనమైనచో రావలసిన ఎలక్ట్రానులు 24. కనుక ఒక్క ఎంజైముతో దక్కునది స్వల్పమే. ఎలక్ట్రానులు తీగ వెంట, ప్రోటానులు ద్రవము గుండా ధనధ్రువమును చేరి, అక్కడ ఆక్సిజనుతో కలిసి నీరగును.

చిక్కు ఆ ఆక్సిజనుతోనే. ధనధ్రువము వద్ద అది రావలసిన చుట్టము. ఋణధ్రువము వద్ద దొంగ. అక్కడికి చేరెనా, ఎంజైము తన ఎలక్ట్రానులను తీగకు గాక దానికే ఇచ్చివేయును. హైడ్రోజను పెరాక్సైడు పుట్టును గాని విద్యుత్తు పుట్టదు. అందుచేతనే రెండు ధ్రువముల నడుమ ఒక పొర. గోదావరి కాలువపై లాకు పడవను దాటించుచునే నీటిని నిలిపి ఉంచును; ఈ పొర కూడ ప్రోటానులను విడిచి, ఆక్సిజనును, చక్కెరను ఆపవలెను.

ఇంధన ఘటములలో పేరుపొందిన నెఫియాను పొర ప్రోటానులను చక్కగా విడుచును. కాని అది గట్టి ఆమ్లము. నిమ్మరసము పడిన పాలు విరిగినట్లు దానిని తాకిన ఎంజైము చెడును. షెల్లీ మింటీర్ బృందము దీనికొక ఉపాయము కనిపెట్టి 2004లో ప్రకటించెను: నెఫియానులోని ప్రోటానులకు బదులు పెద్దవైన అమ్మోనియం జాతి అయానులను చేర్చినచో ఆమ్లత్వము తగ్గి, లోపలి సందులు వెడల్పై, ఎంజైము అందులోనే సురక్షితముగా ఇముడును. 2007లో సోనీ సంస్థ తన చక్కెర ఘటమునకు సెల్లోఫేను వాడి 50 మిల్లీవాట్లు రాబట్టినది. మిఠాయి పొట్లములకు చుట్టు కాగితము!

పొరయే లేకుండ చేయవచ్చునా? చేయవచ్చును. ధనధ్రువము వద్ద చక్కెరను ముట్టని ఎంజైమునుంచి, ఋణధ్రువము వద్ద ఎలక్ట్రానులను ఆక్సిజను కంటె ముందే అందుకొను ఆస్మియము పాలిమరును పూయవలెను. 2003లో మానో, మావో, హెల్లర్ 7 మైక్రోమీటర్ల కర్బన పోగులతో అట్టి ఘటమును చేసి ద్రాక్షపండులో గ్రుచ్చిరి. తొక్క దగ్గర వచ్చినంత విద్యుత్తు పండు నడుమ రాలేదు. నడుమ చక్కెరకు కొరత లేదు, ఆక్సిజనుకే కొరత.