విమానము గాలిలో ఎట్లు విరుగును?

ఉద్దానమున విమానాశ్రయము నిర్మింపవలెనను ప్రతిపాదన వెలువడినది మొదలు, పలాస, టెక్కలి ప్రాంతముల పంచాయతీ సభ్యులు కొందరు మమ్ము ఒక ప్రశ్న అడుగుచున్నారు: "చిన్న విమానములు గాలిలోనే ముక్కలగునట గదా, అది నిజమేనా?" అరుదుగ జరుగును. ఎట్లు జరుగునో తెలిసికొనుట మంచిది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు గాలి గంటకు 140 కిలోమీటర్లకు మించి వీచినది. చిన్న విమానము ప్రతిదినము అంతకు మించిన వేగముతోనే పోవుచుండును. కావున నిలకడగ వీచు గాలి దానిని విరువదు. విరుచునది గాలి ఆకస్మికముగ పైకో క్రిందికో మారుట.

సాధారణ తరగతి చిన్న విమానపు రెక్కలను, విమానపు బరువునకు 3.8 రెట్ల భారమును చెక్కుచెదరక మోయునట్లు నిర్మింతురు. అందుకు ఒకటిన్నర రెట్లు, అనగా 5.7 రెట్ల భారమునకు విరుగక నిలువవలెను. ఆపైన భద్రత లేదు. అంత భారము వేగము వలననే కలుగును. వేగము రెట్టింపైనచో రెక్కపై పుట్టగల బలము నాలుగు రెట్లగును.

భావనపాడు తీరమున తెరచాప పడవలు నడపిన పెద్దలకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. గాలి కమ్ముకొని వచ్చునప్పుడు వారు చాప దించుదురే గాని బిగించి కట్టరు. విమాన చోదకుడును అట్లే వేగము తగ్గింపవలెను. నిర్ణీత వేగమునకు లోబడి పోవుచున్నచో, గాలి తాకిడికి రెక్క సాధారణముగ విరుగుటకు ముందే పట్టు సడలి భారమును వదలుకొనును.

మేఘములో చిక్కుటయే పెద్ద ఆపద. అచట దిక్చక్రము కానరాదు. విమానము మెల్లగా ఒరిగినను, తిన్నగా పోవుచున్నామనియే చెవిలోని తుల్యతేంద్రియము చెప్పును. ముక్కు వాలును, వేగము పెరుగును. చోదకుడు కంగారుపడి పిడిని వెనుకకు లాగును. మలుపు మరింత బిగిసి, తుదకు రెక్కయో తోకయో ఊడును. 1954లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు, పరికరములను బట్టి నడుపుట నేర్వని 20 మందిని పరీక్షించిరి. సగటున 178 సెకనులకే విమానము అదుపు తప్పినది. మూడు నిమిషములైన లేదు!

పెద్ద విమానములకును ఈ భయము లేకపోలేదు. 1953 మే 2న కలకత్తా నుండి బయలుదేరిన కామెట్ విమానము కొద్ది నిమిషములకే ఉరుముగాలిలో విరిగి, అందున్న 43 మందియు మరణించిరి. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారిని బలిగొన్న హెలికాప్టరు ప్రమాదము వేరు రకము. అది బలమైన దిగుడుగాలిలో అదుపు తప్పి నేలను తాకినది.

లోహపు అలసట మరియొక కారణము. ఎర్రముక్కు పురుగు తొలిచిన కొబ్బరిచెట్టు పైకి పచ్చగా కనబడుచునే గాలికి ముందుగ విరుగును గదా! రెక్క మొదట ఏర్పడిన సన్నని బీటయు అట్టిదే. దానిని తనిఖీలో పట్టవలెను.

ఎప్పుడైనను మీ గ్రామమున ఇట్టి శకలములు పడినచో, ముందు మనుష్యులను కాపాడి, 112కు తెలుపుడు. తరువాత ఏ ముక్కను కదల్పనీయకుడు. జీడితోటలో పడిన రేకు పాకకప్పునకు పనికివచ్చునని ఎవరైన తీసికొనిపోవచ్చును. కాని మొదట విరిగిన భాగము తరచుగ మిగిలిన శిథిలములకు చాల వెనుక, విమానము వచ్చిన త్రోవలో పడియుండును. పరిశోధకులు ముందుగ వెదకునది దానినే.