మాట వినే యంత్రం, సిరొంచ ఒడ్డు
ప్రాణహిత గోదావరిలో కలిసేచోట, కాళేశ్వరానికి ఎదురొడ్డున ఉంది సిరొంచ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. గడ్చిరోలి అడవి పల్లెలకు పోతే మాడియా గోండి. ఇక్కడి నుంచి చూస్తే పర్సనల్ కంప్యూటర్ మార్గదర్శకుల వరుసలో చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ (రాజ్) రెడ్డి ముందుండాలి. ఎందుకంటే కీబోర్డు అక్షరం వచ్చినవాడికే లొంగుతుంది, మాట వినే యంత్రానికి ఆ షరతు లేదు. 1975లో తొలి పర్సనల్ కంప్యూటర్లలో ఒకటైన ఆల్టెయిర్ 8800 రాకముందే, కార్నెగీ మెలన్‌లో రాజ్ రెడ్డి బృందం తయారుచేసిన హియర్‌సే-1 అనే ప్రోగ్రాం నోటితో చెప్పిన చదరంగపు ఎత్తులను పోల్చుకుంది.

ఆయన కంప్యూటర్ పెట్టెలేవీ అమ్మలేదు కదా, ఆ ప్రయోగాలు నడిచింది పెద్ద యంత్రాల మీద కదా అనొచ్చు. నిజమే. కానీ ఒక మనిషి బల్ల మీది యంత్రానికి మెగాబైట్ మెమరీ, పది లక్షల చుక్కల తెర, సెకనుకు పది లక్షల ఆదేశాల వేగం ఉండాలని 1980ల తొలినాళ్లలో కొలత గీసింది ఆయనా, ఆయన సహచరులే. స్టీవ్ జాబ్స్ 1985లో నెక్స్ట్ కంపెనీ పెట్టినప్పుడు గురిపెట్టిందీ ఆ కొలతకే. రాజ్ రెడ్డికి 1994 ట్యూరింగ్ అవార్డు దక్కింది (పెట్టెలమ్మినవాళ్లకు దక్కినంత పేరు మాత్రం దక్కలేదు). అసలు గట్టి అభ్యంతరం వేరే: యంత్రం వినాలంటే ముందు ఆ భాష మాటలను కుప్పలుగా వినిపించాలి. తెలుగుకు, మరాఠీకి ఆ పని కొంత జరిగింది. మాడియాకు జరిగింది చాలా తక్కువ.